మేనత్త పోలిక

పిల్లను చూసి ఎవరైనా "అచ్చం మేనత్త పోలిక" అన్నారంటే చాలు, టైలరమ్మ అగ్గి మీద గుగ్గిలమయ్యేది.

ఎందుకవ్వదు? ఆ మేనత్త, అంటే టైలరమ్మ ఆడపడుచు, ముప్పై నిండకుండానే చక్రాల కుర్చీ పాలైంది. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నరాల మీది పొరను కొరుక్కుతినే జబ్బు. పిల్లకు అప్పుడు రెండేళ్లు.

"వంశంలో ఉంటే పిల్లలకు వచ్చి తీరుతుందా?" అని టైలరమ్మ జబ్బు సంగతి తెలిసిన రోజే డాక్టరును నిలదీసింది.

"అలాగని లేదమ్మా. పుట్టుకతో వచ్చేది కొంతే. ఎండ తగలకపోవడం, సిగరెట్ పొగ, ఏదో వైరస్, చిన్నతనంలో ఊబకాయం... ఇలాంటివి తోడైతే ముప్పు పెరుగుతుంది."

పుట్టుక ఎలాగూ తన చేతుల్లో లేదు. మిగతావాటి అంతు చూద్దామనుకుంది. రోజూ పిల్లను డాబా మీద ఎండలో నిలబెట్టేది.

"ఇది పిల్లా, ఉతికిన బట్టా? రోజూ ఆరేస్తున్నావు," అని మొగుడు వెక్కిరించేవాడు.

"నీ సిగరెట్లేవో నా కుట్టుగదిలో కాల్చుకో. దాని దరిదాపుల్లోకి వచ్చావంటే ఊరుకోను."

కిటికీ లేని ఆ గదిలో, ట్యూబులైటు కింద, ఆ పొగలోనే దగ్గుకుంటూ పొద్దస్తమానం మిషను తొక్కేది. పిల్ల బాగుంటే అదే పదివేలు.

అలా పదమూడేళ్లు గడిచాయి. మొన్నీమధ్య వేళ్లు మొద్దుబారాయి. వారం తిరక్కుండా ఒక కన్ను మసకబారింది. ఆడపడుచుకూ సరిగ్గా ఇలాగే మొదలైంది. టైలరమ్మ ఆసుపత్రికి పరుగెత్తింది.

ఇవాళ అదే డాక్టరు స్కానింగు ఫిల్మును వెలుగుకెత్తి, తెల్లమచ్చలు చూపించాడు.

"మా ఆడపడుచు జబ్బేనా?"

"అదేనమ్మా. కానీ ఆవిడది మీవారి రక్తం కదా. మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?"

"ఏడు తరాలు వెతికినా లేదండీ."

"అలా కూడా వస్తుంది. పుట్టుకలో ఉన్నదెంతో, బతుకులో చేరిందెంతో విడదీసి చెప్పలేం."

"పిల్లకు పొగ సోకనివ్వలేదు. ఎండకు లోటు చేయలేదు. ఇంకేం చేయగలను డాక్టరుగారూ?"

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఎవరిని తిట్టుకోవాలో తెలిస్తే కదా. పిల్ల వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

డాక్టరు పిల్లవైపు తిరిగి మెల్లగా అన్నాడు: "భయపడకు తల్లీ, కానీ ఇకమీదట ఏ డాక్టరైనా మీ ఇంట్లో ఈ జబ్బు ఎవరికుందని అడిగితే, మేనత్తకంటే ముందు అమ్మకుందని చెప్పు."