ఎనిమిదని చెప్పి నాలుగు

పోస్టులో వచ్చిన ఆ కార్డును డోరీన్ చెత్తబుట్టలోంచి రెండోసారి బయటికి తీసింది. మొదటిసారి తీసి ఫ్రిజ్‌కి అంటిస్తే, మొగుడు వేడ్ మళ్లీ తీసుకెళ్లి పారేశాడు.

"ఇలాంటివి వారానికి పది వస్తాయి. చూడకుండా పడెయ్యాలి," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"కోర్టు పేరుంది వేడ్ దాని మీద. పడేశాక పోలీసులొస్తేనో?"

"కార్డు ముక్క పారేసినందుకు ఈ టొలీడో ఊళ్లో ఇంతవరకు ఎవర్నీ లోపలెయ్యలేదులే మహాతల్లీ."

ట్రక్కు తాళాలు అందుకుని వెళ్లిపోయాడు. వారానికి రెండు రోజులు అతనికి పక్క రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ ఊరికి లోడు. ఆ రోజుల్లో పడక కూడా అక్కడే.

కార్డుకు అంటిన కాఫీ పొడి తుడిచి, డోరీన్ మెల్లగా చదివింది. కూతురు టిల్లీకి కొన్న ల్యాప్‌టాప్ కంప్యూటర్ సంగతే. లోపల ఎనిమిది కోర్లున్నాయని ప్రకటనల్లోనూ, పెట్టె మీదా వేసి, నాలుగే పెట్టి అమ్మారట. కొన్నవాళ్ల తరఫున దావా పడింది. కంపెనీ రాజీకొచ్చింది. ఫారం నింపి పంపితే పరిహారం ఇస్తారు.

"కోర్లంటే ఏమిటే?" అని కూతురిని అడిగింది.

"లోపల పనిచేసేవాళ్లనుకో మమ్మీ. ఎనిమిది మందిని పెట్టామని చెప్పి, నలుగురితో చాకిరీ చేయించారు." టిల్లీ తలెత్తలేదు. "నువ్వేమో రెండేళ్లూ నన్నన్నావు."

అన్నమాట నిజమే. కంప్యూటర్ నత్తనడక నడిచినప్పుడల్లా, జ్యూస్ ఒలకబోసి పాడుచేశావంది. చెత్తంతా ఎక్కించావంది. బొమ్మల సినిమా గడువులోగా పూర్తికాక, యానిమేషన్ కోర్సులో సీటు పోయిన రోజున కూడా, తప్పు నీదేనంది. పిల్ల ఆ రోజు నుంచి తనతో సరిగ్గా మాట్లాడటం లేదు.

పరిహారం ఎంతైనా సరే. మంజూరైందన్న కాగితం ఒక్కటి చేతికొస్తే చాలు. దాన్ని టిల్లీ చేతిలో పెట్టి, 'తప్పు నీది కాదే' అనాలి.

పాపం, వేడ్ ఎంత ముచ్చటపడి కొన్నాడో! స్కూళ్లు తెరిచే ముందు సేల్‌కి తనే వెళ్లాడు. "భలే బేరం దొరికింది," అని మురిసిపోయాడు. మూత మీద అక్షరాలు కూడా చెక్కించాడు: 'టిల్లీకి, ప్రేమతో నాన్న.' పెళ్లిరోజుకు పువ్వు కూడా తేని మనిషి! అవి చూసి డోరీన్‌కి కళ్లనీళ్లు తిరిగాయి. అలాంటివాణ్ని మోసం చేశారు దొంగ వెధవలు.

ఫారంలో అన్నీ నింపింది. చివర ఒకచోట చెయ్యి ఆగింది. 'మీ కుటుంబం ఇలాంటివి ఎన్ని కొన్నది?' దాని కింద చిన్న అక్షరాలు. నిజమని ప్రమాణం చేస్తున్నాను, అబద్ధమైతే శిక్షకు సిద్ధం అని. ఆ ముక్క నాలుగుసార్లు చదివింది.

వేడ్ తిరిగొచ్చి బీన్స్ చిల్లీ గిన్నె ముందు కూర్చోగానే అడిగింది.

"మనం కొన్నది ఒకటే కదా?"

వేడ్ చెంచా ఆగింది. "ఇంట్లో నీకెన్ని కనబడుతున్నాయి?"

"సరిగ్గా చెప్పు వేడ్. ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. రేపు ఏదైనా అయితే నన్ను తీసుకెళ్తారు."

"అందుకే వద్దంటున్నాను. వాళ్లిచ్చేది రెండు పిజ్జాలకు కూడా రాదు. పారెయ్."

అయినా డోరీన్ ఊరుకోలేదు. అలమరలు తీసి చూసింది. మంచం కిందికి కూడా వంగి చూసింది. అప్పుడు 'ఒకటి' అని రాసి, యేసయ్యను తలుచుకుని సంతకం పెట్టింది.

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. మీరు రాసిన సంఖ్యకూ, షాపు రికార్డుకూ పొంతన లేదు, ఫోన్ చెయ్యండి అని.

డోరీన్ ఆ ఉత్తరం పట్టుకునే ఫోన్ దగ్గరికి నడిచింది. ఇంకేముంది, దొంగ ప్రమాణం కేసే. టిల్లీకి వండిపెట్టేదెవరు? చర్చిలో ఏమనుకుంటారు? వేడ్‌కి చేస్తే ఎత్తలేదు. అది ఫోర్ట్ వేన్ రోజు. చివరికి ఉత్తరంలో ఇచ్చిన నంబర్‌కే చేసింది.

"నేను అబద్ధం రాయలేదమ్మా, ఒట్టు!" అవతల అమ్మాయి పలకరించేలోపే అనేసింది.

"అయ్యో, కంగారుపడకండి. లేనివి ఉన్నాయని రాసేవాళ్లతోనే మాకు తంటా. మీరు తక్కువే రాశారు. మీ పేరున రెండున్నాయి. ఒకే రోజు, ఒకే బిల్లు."

"నా పేరునా? నేనసలు ఆ షాపుకే వెళ్లలేదు."

"పాయింట్ల కోసం కౌంటర్లో ఫోన్ నంబర్ చెబుతాం కదండీ. చివరి అంకెలు నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు. మీదేనా?"

తన పేరున ఉన్న ఇంటి నంబరే. పాలు కొన్నా, మేకులు కొన్నా వేడ్ నోటికి అలవాటుగా వచ్చే నంబర్.

డోరీన్‌కి భయం పోయి ఒళ్లు మండింది. "చూశావా వీళ్ల మాయ! అప్పుడు ఎనిమిదని చెప్పి నాలుగిచ్చారు. ఇప్పుడు ఒకటిచ్చి రెండంటున్నారు! నా మొగుడు అమాయకుడు కాబట్టి సరిపోయింది."

అమ్మాయి నవ్వింది. "పొరపాటేమో చూద్దాం ఉండండి. మూతల మీద చెక్కించిన మాటలు బిల్లులోనే ఉన్నాయి. చదువుతాను, మీదేదో చెప్పండి. మొదటిది, 'టిల్లీకి, ప్రేమతో నాన్న.'"

"అదే మాది! మా ఒక్కగానొక్క పిల్ల." డోరీన్ హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో కూలబడింది. "ఆ రెండోది ఎవరిదో చూడమ్మా, పాపం వాళ్లకు రావాల్సింది పోతుంది."

"రెండోది, 'కోల్బీకి, ప్రేమతో నాన్న.'"