ఎదురు నడక

“మళ్లీ ప్రదక్షిణమే సేస్తా ఉండావు. ఆగు!”

నాయన కేక వినగానే మంచం చుట్టూ నడుస్తున్న జాహ్నవి ఆగిపోయింది. వసారా మధ్యలో మంచం, మంచం మీద దిండుకు ఆనుకొని ఏకాంబరం. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైనా పాఠం చెప్పడం మానని మనిషి.

“గడియారం ముల్లు తిరిగే వైపు?”

“క్లాక్‌వైజ్.”

“దానికి ఎదురు?”

“యాంటీక్లాక్‌వైజ్.”

“నోటికి వచ్చినాది, కాళ్లకు రాలేదు. నడువు.”

బ్యాంకు పరీక్షలో రెండుసార్లు ఆమెను ముంచింది ఈ మాటే. ఉత్తరం వైపు చూస్తున్న మనిషి యాంటీక్లాక్‌వైజ్ తొంభై డిగ్రీలు తిరిగితే ఇప్పుడు ఎటు చూస్తున్నాడు అని అడిగితే, జాహ్నవి ఆ మనిషి చేత కూడా ప్రదక్షిణం చేయించేది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? కార్వేటినగరంలో చిన్నప్పటి నుంచీ గుడి చుట్టూ తిరిగిన కాళ్లు అవి. తిరగమంటే వాటికి ఒకే వైపు తెలుసు.

వేలూరు ఆసుపత్రి నుంచి వచ్చాక నాయనకు పంతం పట్టుకుంది. ఈసారి తప్పడానికి వీల్లేదన్నాడు. పుస్తకాల సంచి ఆమె ఎడమ భుజాన వేయించాడు.

“బరువుండే వైపే మంచం ఉండాల. అప్పుడు దారి తప్పవు.”

“కలలో కూడా తిరుగుతా ఉండాను నాయనా.”

“మంచిది. వాక్యంలో పెట్టు.”

“షి వాక్స్ టు యాంటీక్లాక్‌వైజ్.”

“‘టు’ ఎందుకే? ఊరికి పోయేటప్పుడు ‘టు’. ఇది ఊరు కాదు, పోయే తీరు. షి వాక్స్ యాంటీక్లాక్‌వైజ్. అంతే.”

వంటింట్లోంచి తల్లి వరదమ్మ తొంగి చూసింది. “నా కళ్ల ముందర ఈ ఎదురు తిరుగుడు వద్దంటే వినరు గదా!” అని విసురుగా లోపలికి పోయింది. అమ్మకు పట్టింపులు ఎక్కువని జాహ్నవి నవ్వుకుంది.

ఆ సాయంత్రం చిన్నాన్న కొడుకు మునిచంద్ర మామిడిపళ్లు పట్టుకొని వచ్చాడు. మంచం చుట్టూ నడుస్తున్న చెల్లెల్ని చూసి నవ్వాడు.

“ఆడబిడ్డను ఎందుకు పెద్దనాయనా ఇట్ల కష్టపెడతావు? కొడుకు సెయ్యాల్సినవన్నీ సెయ్యడానికి నేను లేనా?”

“నాకు బిడ్డ ఉండాదప్పా,” అన్నాడు ఏకాంబరం. గొంతు నీరసంగా ఉన్నా మాట గట్టిగానే ఉంది.

జాహ్నవికి రోషం వచ్చింది. ఆడబిడ్డ అయితే ఉద్యోగం చేయలేదా, ఇల్లు నడపలేదా? పళ్లు బిగించి ఇంకో చుట్టు మొదలుపెట్టింది. అన్న ఇంకా నవ్వుతున్నాడేమోనని మెడ తిప్పింది.

“వెనక్కి తిరిగి సూడొద్దు!” ఏకాంబరం అరిచాడు. ఆయాసం తగ్గాక మెల్లగా అన్నాడు. “దాటేసిన ప్రశ్నను మళ్లీ సూస్తే, సేతిలో ఉండేది కూడా పోతాది.”

తిరుపతిలో పరీక్ష రాసి, బస్సు దిగి జాహ్నవి పరుగున ఇంటికి వచ్చింది.

“నాయనా! దిక్కుల లెక్కలు ఒక్కటీ తప్పు పోలేదు. ఈసారి ఉద్యోగం మనదే!”

ఎముకలు తేలిన ఆయన ముఖం విచ్చుకుంది. “ఇంకొక్కసారి నడువమ్మా, సూస్తాను.”

సంచి ఎడమ భుజాన ఉంది. కాళ్లు వాటంతట అవే ఎదురు తిరిగాయి. ఆమె తడబడలేదు, వెనక్కి చూడలేదు. గుమ్మంలో నిలబడిన వరదమ్మ ఈసారి లోపలికి పోలేదు.

“పరీక్ష అయిపోయినాది కదా నాయనా, ఇంకా ఎందుకు ఈ నడక?”

ఏకాంబరం చెయ్యి చాచి ఆమె భుజం మీది సంచిని సర్దాడు.

“నాకు తలకొరివి పెట్టేది నువ్వేనమ్మా.”