ఆగినట్టు నటన

ఆఫీసులో అందరూ గొణుగుడాయన అని పిలిచే అతని బల్ల దగ్గరికి వెళ్తే ఆమె ముక్కు మూసుకునేది. ఎండిపోయిన టీ మరకలు ఒకదాని మీద ఒకటి. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి, దానికోసం చీమల బారు. మూడు రోజుల కిందటి కప్పులో అడుగున బూజు. ఆ బల్ల ముందు కూర్చునే అతను రాసిన ప్రోగ్రాం చదవాల్సి వచ్చింది.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. ఆమె పరీక్షల విభాగానికి అధికారిగా కొత్తగా వచ్చింది. అందరూ పరీక్షల మేడం అనేవారు. యంత్రాన్ని నడిపే ప్రోగ్రాంకు మొత్తం నాలుగు వందల పన్నెండు పరీక్షలు. వాటి పని ఏ గొడవా లేకుండా ముగిస్తే గోడ మీద బోర్డు పచ్చగా వెలుగుతుంది, లేదంటే ఎర్రగా. అంతకుమించి ఆ బోర్డుకు ఏమీ తెలియదు.

వరుసలో మొదటి పరీక్ష మీదే ఆమె ప్రాణమంతా. యంత్రం తలుపు తెరుచుకోగానే ప్రోగ్రాం మొత్తం ఆగిపోవాలి. ఆగిందో లేదో చూడటమే ఆ పరీక్ష.

ఆమె అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రెండేళ్ల కిందట ఇంకో కంపెనీ యంత్రం తలుపు తీసినా ఆగలేదు. అక్క మోచేతిని మెలితిప్పేసింది. ఇప్పటికీ అక్కకు జడ వేయాలంటే చెల్లెలే వేయాలి. వచ్చే నెల ఆ లాండ్రీకి వెళ్లేది ఈ కంపెనీ యంత్రమే.

అలాంటి పరీక్షలో గొణుగుడాయన చేసిన నిర్వాకం చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. పరీక్ష జరిగేటప్పుడు 'ఆగిపో' అనే ఆజ్ఞను తప్పించి, దాని చోట ఒక ఉత్తుత్తి ఆజ్ఞ పెట్టాడు. అది దేన్నీ ఆపదు. 'ఆపమన్నారు' అని గుర్తు రాసుకుని ఊరుకుంటుంది. ఆ గుర్తు చూసి పరీక్ష నెగ్గినట్టు లెక్క.

"ఇదేంటండీ?" అని అడిగింది.

"పరీక్షలప్పుడు మాత్రమేనండీ. బయట యంత్రంలో నిజంగానే ఆగుతుంది," అని అతను గొణిగాడు.

"ఆగుతుందని మీకెలా తెలుసు? చూళ్లేదుగా."

"అది కాదండీ. ఇక్కడ నిజంగా ఆపితే ఏమవుతుందంటే..."

"ఆగుతుంది. మనకు కావలసింది అదేగా."

అతను మళ్లీ కీబోర్డు వైపు తిరిగాడు. ఆమె వెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది.

మేనేజరు తల గోక్కున్నాడు. "బోర్డు పచ్చగానే ఉంది కదా మేడం. ఇప్పుడెందుకు కెలకడం?"

"ఆ పచ్చరంగు చూస్తేనే రోత పుడుతోంది సార్. రేపు దాంట్లో చెయ్యి పెట్టేది మా అక్క. ఆగినట్టు నటిస్తే సరిపోదు."

మేనేజరు సరేనన్నాడు. ఆమె తన చేత్తోనే ఉత్తుత్తి ఆజ్ఞను పీకేసి అసలు ఆజ్ఞ పెట్టింది. బోర్డు పచ్చగా వెలిగింది. అంతకుముందు పావుగంట పట్టే పరీక్షలు రెప్పపాటులో అయిపోయాయి.

"చెత్త తీసేశాం కదా మరి," అంది. మేనేజరు కూడా మెచ్చుకున్నాడు.

గొణుగుడాయన మర్నాడు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. కాగితం నిండా నూనె మరకలు. "మేడం, ఇంత తొందరగా ఎలా అయిపోతాయి? ఒక్కసారి ఇది..."

"అక్కడ పెట్టి వెళ్లండి."

అతను వెళ్లాక ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి చెత్తబుట్టలో పడేసింది. ఇలాంటి మనిషి ప్రోగ్రాం దరిదాపుల్లో ఉండకూడదని పై వాళ్లకు రాసింది. వారం తిరక్కుండా అతన్ని యంత్రం వాడే విధానం రాసే పుస్తకాల గదికి మార్చేశారు. అతని బల్లను ఆమె దగ్గరుండి ఫినాయిల్‌తో కడిగించింది.

ఆ నెలలోనే నీళ్ల వేడి కొలిచే పరికరం మారింది. ప్రోగ్రాంలో ఆ భాగమంతా కొత్తగా రాశారు. బోర్డు పచ్చగానే ఉంది. యంత్రం భద్రమైనదని ఆమె సంతకం పెట్టింది.

లాండ్రీలో మొదటిరోజు ఆమె స్వయంగా వెళ్లి ఆరుసార్లు తలుపు తీసి చూసింది. ఆరుసార్లూ యంత్రం టక్కున ఆగింది.

"ఇక నాకు భయం లేదే," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ.

నాలుగోరోజు మధ్యాహ్నం కబురొచ్చింది. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి అక్క ఆసుపత్రి మంచం మీద ఉంది. రెండు కాళ్లకూ మోకాళ్ల దాకా కట్లు. నీళ్లు హద్దు దాటి కాగిపోయి, తలుపు అంచు రబ్బరు ఊడి, కాళ్ల మీద పడ్డాయట.

"నేను తలుపు ముట్టుకోలేదే. పక్కన నిలబడ్డానంతే," అంది అక్క. "వేడి ఎక్కువైతే ఆగాలని మీరెవరూ చూడరా?"

"చూస్తామక్కా. ఒక్క వేడికే ఇరవై పరీక్షలున్నాయి. అన్నీ నెగ్గాయి."

చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే నచ్చలేదు. అక్కడినుంచి నేరుగా పుస్తకాల గదికి వెళ్లింది. గొణుగుడాయన కొత్త బల్ల కూడా పాత బల్లలాగే ఉంది. ఈసారి ఆమె ముక్కు మూసుకోలేదు. జరిగింది చెప్పి, ఆ రోజు తను వినని మాటేమిటో చెప్పమంది.

అతను ఈసారి గొణగలేదు.

"ప్రోగ్రాం నిజంగా ఆగితే దాని లోపల నడిచే పరీక్షలు కూడా దాంతోపాటే చప్పుడు లేకుండా ఆగిపోతాయి మేడం, మీరు ఆ నటన తీసేసిన రోజు నుంచి మొదటిది తప్ప మిగతా నాలుగు వందల పదకొండు పరీక్షల్లో ఒక్కటి కూడా జరగలేదు."