కుండీలో గాలి

మట్టి నింపిన కుండీలో అంచుదాకా నీళ్లు పోసి, అడుగు చిల్లికి పెట్టిన గుడ్డ లాగాడు ఖైదీ కట్టయ్య. కిందికి దిగిన నీళ్లతో గ్లాసు సగం కూడా నిండలేదు.

"ఎన్ని నీళ్లు దిగితే మట్టిల గంత గాలి ఉన్నట్టు సాబ్. ఇది సాలదు, వేర్లు మురిగిపోతయి. రేపు జర ఊక ఎక్కువ కలిపిన ఇంకో కుండీ చూద్దాం."

ఆరు రోజులుగా ఇదే మాట. కాపలా ఉన్న జమేదారు కరీం వంగి చూశాడు. మట్టి మీద బొటనవేలి గుంటలు కనిపించాయి.

"గింత గట్టిగ ఎందుకు అదిమినవ్ కట్టయ్యా?"

"మట్టి కుదిరితే తోట పని అయిపోతది సాబ్. మళ్ల పొద్దంత బారక్‌లనే ఉండాలె."

జైలు గోడ అవతల కాజీపేట రైలు కూసింది.

కరీం రేపటికని నింపిపెట్టిన కుండీ మీదికి వంగి, తన బొటనవేలితో మట్టిని గట్టిగా అదిమాడు.