ఒక్క మాటలో కారణం

వరద పరిహారం దరఖాస్తులకు ఆ రోజే ఆఖరు.

పొద్దుటి నుంచి రెండు వందల దరఖాస్తులు చూసిన గుమాస్తాకు మనుషుల ముఖాలు కనిపించడం ఎప్పుడో మానేశాయి. కిటికీలోంచి చేతులు వస్తున్నాయి, చేతుల్లో కాగితాలు వస్తున్నాయి, అంతే.

ఒక కాగితం దగ్గర మాత్రం ఆగాడు.

‘నష్టానికి కారణం ఒక్క మాటలో’ అన్న చోట అందరూ ‘వరద’ అని రాశారు. ఇందులో ‘గట్టుకి నేనే గండి కొట్టాను’ అని ఉంది.

“ఏంటి పెద్దాయనా, వేళాకోళమా? ఒక్క మాట అడిగితే నాలుగు రాశావు!”

“జరిగింది అదే బాబూ. వాగు గట్టుకి పారతో గండి కొట్టాను. నీళ్లన్నీ నా పొలం మీద పడ్డాయి. ఇప్పుడు మోకాల్లోతు ఇసుక మేట.”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“నీ పొలం నువ్వే ముంచుకుని సర్కారు మీద పడతావా?”

“అది కాదు బాబూ, ఆ రోజు అవతల...”

“అవతలా ఇవతలా వద్దు. కొట్టింది నువ్వేనా, కాదా?”

“నేనే.”

గుమాస్తాకు జాలేసింది. కలం ముందుకు తోశాడు.

“దాన్ని దిద్దేసి ‘వరద’ అని రాసెయ్. నీకూ గొడవుండదు, నాకూ ఉండదు.”

ముసలాయన కలం వంక చూశాడు కానీ ముట్టుకోలేదు.

“నేను చేసిన పని వరద మీదికి నెట్టడమెందుకు బాబూ?”

ఉపకారం చేయబోతే ఈ నీతులేమిటని గుమాస్తాకు ఒళ్లు మండింది. ‘తిరస్కరించడమైనది’ అన్న ముద్ర తీసి గట్టిగా గుద్దాడు.

“నాకున్నది ఆ రెండెకరాలే” అన్నాడు ముసలాయన. బతిమాలుతున్నట్టు లేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టుంది.

“తరవాత!” అని కేకేశాడు గుమాస్తా.

ఇంట్లో భోజనాల దగ్గర ఈ ముచ్చట చెబితే పిల్లలు పడీ పడీ నవ్వారు.

“అసలు గండెందుకు కొట్టాడట?” అంది భార్య.

“నేనడగలేదు. అదే మన ఇల్లు చూడు, ఇంత వరదకీ చుక్క నీరు రాలేదు. ఊరికేనా? చూసి చూసి మెరక మీద కొన్నాను.”

“ఆ మాట రోజూ వింటున్నాంలెండి, అన్నం తినండి.”

వారం తిరక్కుండానే, తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ ఒక ఫొటో జతచేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గుమాస్తా తిట్టుకుంటూ వాగు దగ్గరికి వెళ్లాడు. గట్టు కాపలాదారు గండి చూపించాడు. దాని కింద రెండెకరాలూ తెల్లటి ఇసుక. పక్కన చిన్న ఇల్లు, తలుపుకి తాళం.

“ఆయనేడి?”

“మొన్న ఆలుమగలిద్దరూ మూటలు సర్దుకుని కూలి వెతుక్కుంటూ వెళ్లిపోయారండి. ఎక్కడికో చెప్పలేదు.”

“మతి ఉన్నవాడెవడైనా సొంత పొలం మీదికి వాగుని వదులుకుంటాడా?”

కాపలాదారు అతన్ని అదోలా చూశాడు.

“అవతలి గట్టు చూశారా? ఆ తెల్లవారుజామున జానెడు మిగిలింది, అదీ జారిపోతోంది. తెగితే దాని వెనకాల ఇళ్లలో జనం నిద్రలోనే పోయేవారు. ఇటు గండి కొడితేనే అటు ఒత్తిడి తగ్గుతుంది. కానీ నీ పొలం ముంచుకోమని నేనెవరినడగను? ఆయనే పార పట్టుకొచ్చాడు.”

గుమాస్తా ఫోను ఎత్తి పట్టుకున్నాడు కానీ మీట నొక్కలేదు. తలెత్తి అవతలికి చూశాడు.

అవతలి గట్టు వెనక, నిలువులోతు పల్లంలో, మెరక మీద కొన్నానని రోజూ చెప్పుకునే తన ఇంటి డాబా మీద, భార్య పిల్లల స్కూలు బట్టలు ఆరేస్తోంది.