నాన్నకు నప్పే తుపాకీ

"ఇది పూరేడు పిట్టలకి పనికొస్తుందా అండి?" అని రూబీ అడిగింది.

మధుబాబు కళ్లు మూసుకున్నాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ బాపట్లలోని ఆ తుపాకుల కొట్టుకి వచ్చి చాలాసేపయింది. బల్ల మీద అప్పటికే నాలుగు తుపాకులు పరిచి ఉన్నాయి. రూబీ ఒక్కోదాన్నీ చీరలు బేరం చేసినట్టు అటూ ఇటూ తిప్పించి చూస్తోంది.

"పనికొస్తుందమ్మా. కానీ పూరేళ్లని కొడితే జైల్లో పెడతారు," అన్నాడు కొట్టు యజమాని సాంబశివరావు.

"కొట్టడానికి కాదండి. పనికొస్తుందా అని."

సాంబశివరావు మధుబాబు వైపు చూశాడు. రేపల్లెలో ఎన్నో ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మధుబాబుకి ఆ చూపు బాగా తెలుసు. ఎంత చెప్పినా బుర్రకెక్కని లెక్క ముందు కూర్చున్న పిల్లవాడి చూపు అది. అతను వీధిలోకి చూశాడు.

వాళ్ల నాన్న అంద్రెయది భట్టిప్రోలు. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న జంటగొట్టాల తుపాకీ ఒకటి ఆయనకుండేది. వయసులో ఉన్నప్పుడు దాంతోనే బాపట్ల ఇసుక మెట్టల్లో పూరేళ్లనీ కౌజులనీ వేటాడారు. వేట నిషేధించాక ఆ తుపాకీ చేసిన ప్రయాణాలన్నీ ఎన్నికలప్పుడు పోలీసు స్టేషనుకి వెళ్లి రావడమే. ఆయన మనసు మాత్రం ఎప్పుడూ పంప్ యాక్షన్ తుపాకీ మీదే ఉండేది. ముందున్న చెక్కపిడిని ఎడమచేత్తో వెనక్కి లాగి ముందుకి తోస్తే చాలు, తర్వాతి తూటా సిద్ధమవుతుంది. గొట్టం మార్చుకుంటే అదే తుపాకీ మెట్టలో పూరేడుకీ చెరువులో బాతుకీ సరిపోతుంది. కొందామనుకున్న ప్రతిసారీ ఇంట్లో ఎవరి చదువో అడ్డొచ్చేది.

అదే ఇప్పుడు తగువు. వారం రోజులుగా ఫోన్లో నడిచి, కొట్టుదాకా వచ్చింది.

"ఊరంతా ఆయన్ని చూసింది జంటగొట్టాలదాంతోనే కదక్కా," అన్నాడు మధుబాబు, అప్పటికి ఎన్నోసారో. "ఎప్పుడూ లేనిది ఇప్పుడు తెచ్చి చేతిలో పెడితే నవ్వరా?"

"నవ్వనీ. ఉన్నదాంతోనే సర్దుకున్నారు. ఇప్పుడైనా కోరుకున్నది ఇవ్వలేమా మనం?"

మధుబాబుకి ఇంకా విసుగొచ్చింది.

ఇంతకీ ఎవరికని సాంబశివరావు అడిగాడు. నాన్నకని రూబీ చెప్పింది. అలాగైతే ఆయన్నే తీసుకురావాలనీ, తుపాకీ భుజానికి ఆనాలనీ, చెయ్యి పిడికి అందాలనీ, ఒకరి బదులు ఒకరు చూసుకునే వస్తువు కాదనీ అతను ఓపిగ్గా వివరించాడు.

"రాలేరండి," అంది రూబీ. చేతిసంచిలోంచి చిన్న కాగితం తీసి, భుజం నుంచి మోచేతికీ మోచేతి నుంచి వేలికొసకీ కొలతలు చదివింది.

సాంబశివరావు గొంతు మెత్తబడింది. "పెద్దాయన కదమ్మా. తేలికది చూపిస్తాను."

"బరువు సంగతి వదిలేయండి. ఎంతైనా మోస్తారు."

మధుబాబుకి ఒక్కసారిగా అక్కడ్నుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది. అంతలో ఫోన్ మోగింది. తెనాలిలో నెల రోజులుగా నాన్న దగ్గరే ఉంటున్న అజయ్ బాబు.

"పొద్దుట్నుంచి తడిబట్టలు మారుస్తూనే ఉన్నాను సార్. ఈ ఎండకి ఇంకెంతసేపని ఆపను? అదేదో తేల్చుకుని వచ్చేయండి."

మధుబాబు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "విన్నావుగా? అక్కడ అతను ఆపలేనంటుంటే ఇక్కడ నీకు పూరేళ్లూ బాతులూ ఏంటక్కా?"

రూబీ కొంగుతో మొహం తుడుచుకుంది.

సాంబశివరావు లోపలికెళ్లి ఇంకో తుపాకీ తెచ్చాడు. పాతది. చేతులు పడి పడి చెక్కపిడి నున్నబడింది. అందులో తూటాల్లేవని తెరిచి చూపించి, మధుబాబుకి అందించాడు. "మీరొకసారి పట్టుకోండి మాస్టారూ. ఎడమచెయ్యి ఇక్కడ. లాగి, తోయండి."

ఈ పూటకి ఇది ముగిస్తే చాలనుకుని మధుబాబు పట్టుకున్నాడు. లాగాడు. తోశాడు. ఆగి, మళ్లీ లాగాడు.

పోయిన వేసవిలో వరండాలో పడక్కుర్చీలో కూర్చుని నాన్న ఎడమచెయ్యి ఇలాగే ఆడించేవారు. గాల్లోనే, సగం మూసిన గుప్పిటతో, వెనక్కీ ముందుకీ. వణుకేమోనని మధుబాబు గుంటూరు తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించాడు. వణుకు ఇంత తిన్నగా ఉండదే అని డాక్టరు ఆశ్చర్యపోయాడు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వారు.

మధుబాబు తుపాకీ దించలేదు. "ఇదేనక్కా," అన్నాడు.

"జంటగొట్టాలదన్నావుగా?"

"ఇదే."

సాంబశివరావు పెద్దగా ఊపిరి వదిలి లైసెన్సు అడిగాడు. తుపాకీ మీ దగ్గరే ఉండనివ్వండి, అన్నివైపుల నుంచీ ఫోటోలు తీసుకుంటే చాలు అంది రూబీ. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"పెళ్లిచూపులకొచ్చి ఫోటో పట్టుకెళ్లేవాళ్లని చూశానమ్మా. తుపాకీకి ఇదే మొదలు," అన్నాడు. అని కూడా, లేచి తనే తుపాకీని గుమ్మంలో వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

రైల్లో రూబీ ఆ ఫోటోల్ని పెద్దవి చేసి చూస్తూ కూర్చుంది. వాళ్లు తెనాలి చేరేసరికి పొద్దు వాలుతోంది.

అజయ్ బాబు ఫోటోలన్నీ శ్రద్ధగా చూశాడు. "మొదట అనుకున్నట్టు కుదరదు సార్. దీనికి ఎడమచెయ్యి బాగా ముందుకి రావాలి. ఇంకాస్త ఆలస్యమైతే గుప్పిట గట్టిపడిపోయేది."

"ముందుకే రానివ్వు బాబూ," అన్నాడు మధుబాబు. "ఆయన పట్టుకునేది అలాగే."

అజయ్ బాబు నాన్న విగ్రహం మట్టివేళ్లను ఒక్కొక్కటిగా విప్పాడు.