గోదీకి దారి

"జర గట్టిగ చెప్పు బిడ్డా, చెవులు మందమైనయి," అంది నర్సింగమ్మ, వడ్ల గుమ్మికి వీపు ఆనించి కూర్చుంటూ.

పర్వతాలు బొంబాయి నుంచి వచ్చి మూడు రోజులైంది. కేతేపల్లిలో ఆ పట్నం చూసొచ్చినవాడు అతనొక్కడే. ఏం చెబుతాడోనన్న భయంతో ఆమె అతని ఇంటి వైపే పోలేదు. చివరికి అతనే వచ్చాడు. ఈ ఏడాదిలో ఆ గడప తొక్కిన మనిషి అతనే. తలుపు చప్పుడైతే చాలు, ఆమె ఉలిక్కిపడి లేచేది.

"బొంబాయంటే దీవి, చిన్నమ్మా! చుట్టూ సముద్రమే. ఓడలు మన గుట్టంతుంటయి. అవి ఆగే జాగను గోదీ అంటరు. ఆడ మూటలు మోస్తం."

మూసీ వరద తప్ప నీళ్లెరుగని నర్సింగమ్మ కళ్లు మూసుకుంది. "పండేదెక్కడ?"

"ఒక్క అర్రల పన్నెండుమందిమి. పగటోళ్లు లేస్తే రాత్రోళ్లు పండుతరు."

"రైలు దిగి ఎటు నడవాలె?"

"నువ్వు పోతవా ఏంది?" నవ్వాడు పర్వతాలు. "బోరిబందర్ల దిగి తూర్పుకు నడిస్తే గోదీ గోడొస్తది."

ఆమెకు ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. చాలాసేపు దగ్గింది.

"గుమ్మి నిండ వడ్లు పెట్టుకొని గింత బక్కచిక్కినవేంది?"

"జానయ్య వచ్చేదాక ముట్టనని మొక్కుకున్న."

ఆమె కొడుకు పేరు వినగానే పర్వతాలు తల దించాడు.

"చిన్నమ్మా, జానయ్య గోదీల పనిచేస్తుండని ఊరంత చెప్పినవు. మన దిక్కోళ్ల అర్రలన్ని తిరిగిన. ఎవ్వలూ ఎరుగరు."

ఆమె ఏడవలేదు. "ఇంకెవలికన్న చెప్పినవా?"

"లేదు. పొద్దున పోలీస్ పటేల్ అడిగిండు. జానయ్య తుపాకులు పట్టిన సంఘపోళ్లతోని అడవి పట్టిండని మిల్ట్రీ క్యాంపుల అనుమానమట. సాయంత్రం చెప్తనన్న."

నర్సింగమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది. "కనవడ్డడని చెప్పు కొడుకా. మంచిగున్నడని చెప్పు. గదొక్క మాట మీదనే బతుకుతున్న."

పర్వతాలు కళ్లు తుడుచుకున్నాడు. పోయిన కొడుకును పోయాడని ఒప్పుకోలేని పిచ్చితల్లి అని అతను అనుకుంటున్నాడని ఆమెకు తెలిసింది. అనుకోనీ.

"సరే చిన్నమ్మా. నాతోనే మూటలు మోసిండని చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

అతను వెళ్లాడు. పటేల్ ఇంటి మలుపు తిరిగేదాకా తలుపు సందులోంచి చూసింది. గొళ్లెం పెట్టింది. ముంతలో జొన్నగట్క పోసుకుని, పీట ఎక్కి, గుమ్మి మూత తీసింది.

లోపలినుంచి జానయ్య చెయ్యి చాచాడు.